ఎరపీపా ముట్టని ఎలుగు

"బండి వచ్చింది. బకెట్ మోగింది. బండి పోయింది. ఒక్క ముక్కని ఎన్నిసార్లు చెప్పించుకుంటారే నాచేత?" అంది జెర్మెయిన్ లిజొట్. అంటూనే పెనం మీది అట్టుని తిరగేసింది.

నాకు అనుమానం వచ్చింది అక్కడే. మా లోయలో ప్లాయ్ అనే ఈ అట్టుని ఎవరూ తిరగెయ్యరు. ఒకవైపే కాల్చి, పైన కన్నాలు పడగానే దించేస్తారు. జెర్మెయిన్ అత్త పుట్టి బుద్ధెరిగాక అట్టు తిరగేసి ఉండదు. ఇవాళ తిరగేసిందంటే చెయ్యి ఒకచోట, మనసు ఇంకోచోట ఉన్నాయన్నమాట.

"అత్తా, అట్టు."

ఆమె పెనంలోకి చూసి నాలిక కరుచుకుంది. "అంతా నీ మూలంగానే. పొద్దున్నే వచ్చి ప్రాణం తోడేస్తున్నావు."

నా పేరు లారెట్ సూసీ. అటవీ శాఖలో నేరాలు దర్యాప్తు చేసే వార్డెన్‌ని. మొన్న సాయంత్రం నుంచి కనిపించకుండా పోయిన మనిషి ఓనెజిమ్ గెరెట్, డెబ్బై దాటిన వేట గైడు. నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు చర్చిలో నన్ను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి. మా ఇళ్ళలో మాట్లాడే ఫ్రెంచిలో పారెన్ అని పిలుస్తాను. అడవిలో చప్పుడు కాకుండా నడవడం నేర్పిందీ ఆయనే, బండి బురదలో దిగబడితే తిట్టాల్సిన తిట్లు నేర్పిందీ ఆయనే. రోజూ రెండు పూటలా షుగరు సూది వేసుకోవాల్సిన మనిషి. ఆ సూదులు ఆయనింట్లో ఫ్రిజ్‌లో ఉన్నాయి. చీకటి పడేలోగా ఆయన ఎక్కడున్నాడో తేలాలి. ఆ తర్వాత తేలినా ఏడవడానికే పనికొస్తుంది.

జెర్మెయిన్ అత్త వసారాకి ఎదురుగా చిత్తడి నేల. దాని అవతలి గట్టున పారెన్ ఎలుగులకి ఎర పెట్టే చోటు. అక్కడ కొమ్మ విరిగినా ఇక్కడికి వినిపిస్తుంది. పారెన్ నాలుగు చక్రాల బండి మాత్రం నిన్న నది రేవులో దొరికింది. టోపీ ఇంకా కిందికి, మలుపు దగ్గర కొమ్మలకి చిక్కుకుని దొరికింది. బండి ఎర చోటు నుంచి బయల్దేరి నదికి పోయిందనడానికి సాక్షి ఈ అత్తే. అందుకే ఆమె సాక్ష్యం పట్టుకుని రాష్ట్ర పోలీసులు నదిని గాలిస్తున్నారు.

నేను బల్ల వైపు చూశాను. రెండు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. రెండో పళ్ళెం పక్కన ఒక మగవాళ్ళ కళ్ళజోడు.

"ఎవరికత్తా ఆ రెండో పళ్ళెం?"

"నీకే."

"నేను వస్తానని నీకు తెలీదుగా."

"అయితే ఆ పోలీసాయనకి."

"ఆ కళ్ళజోడు పోలీసాయనది కాదు. ఒకవైపు దారంతో కట్టుంది. ఆ ముడి నేను వేసిందే."

ఆమె పొయ్యి ఆర్పేసింది. ఏప్రనుతో మొహం తుడుచుకుని కుర్చీలో కూలబడింది.

"మూడేళ్ళవుతోంది" అంది. "ఎర పోసేసి నేరుగా ఇక్కడికే వస్తాడు. ఎంత కడుక్కున్నా డోనట్ల కంపే. నాలుగు అట్లు తింటాడు. షుగరు కదా, పాకం వద్దంటాడు. నేనటు తిరగ్గానే పోసుకుంటాడు. నాకు తెలియదనుకుంటాడు, వెర్రి మనిషి. చీకటి పడకముందే పోతాడు. అంతే. అంతకంటే ఏం లేదు. నువ్వలా నవ్వకు."

"నేను నవ్వడం లేదత్తా."

నిజానికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మూడేళ్ళుగా నాకు కూడా చెప్పకుండా ఆ ముసలాడు ఎంత పొందిగ్గా దాచుకున్నాడు!

"మొన్న రాలేదా?"

"రాలేదు. అలిగాడేమో అనుకున్నా. అంతకుముందు రోజు పాకం సీసా దాచేశాను." ఆమె కళ్ళజోడుని దగ్గరికి లాక్కుంది. "ఈ మాట పోలీసాయనకి చెప్పలేదు. చెబితే రాసుకుంటాడు. రాసుకుంటే ఊరంతా చదువుతుంది."

అంటే మొన్న సాయంత్రం పారెన్ తన బండి తాను నడుపుకుంటూ ఉంటే అది నది వైపు పోదు, ఈ గుమ్మం ముందు ఆగుతుంది. ఆ సంగతి తెలియని మనిషెవరో బండిని నదికి తోలాడు.

తలుపు బయట బూట్ల చప్పుడైంది. రాష్ట్ర పోలీసు డిటెక్టివ్ హస్కెల్, తీరం వైపు మనిషి. మా దోమలు ఆయన్ని మనిషిగా కాక విందుగా చూస్తున్నాయి, చెవులు రెండూ వాచి ఉన్నాయి. ఆయన వెనకే కట్టెల మోపుతో వెర్నల్ బరిల్. గుట్ట అవతల ఎరలు పెట్టుకునే గైడు, నవ్వు మొహం వాడు. నదిలోకి నడుం లోతు దిగి టోపీ తెచ్చింది అతనే. చుట్టుపక్కల గైడులందరూ వచ్చారు వెతకడానికి, తలా ఒక వాకీటాకీ పట్టుకుని. వాళ్ళకి వండిపెడుతోందని జెర్మెయిన్ అత్తకీ ఒకటిచ్చారు. దాన్ని ఆమె ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుంది.

"మధ్యాహ్నం నుంచి అందర్నీ నదికి మారుస్తున్నాను వార్డెన్ గారూ" అన్నాడు హస్కెల్. "అడవిలో వెతుకులాట ఇక చాలు."

"మీరు ఎర చోటు చూశారా?"

"మావాళ్ళు చూశారు. పీపా, డోనట్లు, భరించలేని కంపు."

"మీరు చూశారా అని అడిగాను."

"చచ్చినవాడు నదిలో ఉంటే పీపాలో ఏం చూడమంటారు?"

చచ్చినవాడు అన్న మాటకి జెర్మెయిన్ అత్త చేతిలోని గరిటె కింద పడింది. నాకు ఒళ్ళు మండింది.

"ఈ ఇంట్లో ఇంకొకసారి ఆ మాట అన్నారంటే చెవులతో ఆగదు, ముక్కు కూడా వాస్తుంది మీకు. ఒక్క గంట నాతో రండి. అక్కడ ఏమీ లేకపోతే నేనే వచ్చి నదిలో దిగుతాను."

"మీ ఆయన ఎలా భరిస్తున్నాడో" అని గొణుక్కున్నాడు.

"అందుకే లేడు. పదండి."

బరిల్ కట్టెలు పేర్చి, "నేను నదికే పోతా లారెట్. అక్కడ పడవకి మనిషి కావాలి" అన్నాడు. జెర్మెయిన్ అత్త హస్కెల్ చేతిలో అట్ల పొట్లం ఒకటి పెట్టింది. ఆవిడకి కోపమొచ్చినా తిండి పెట్టడం మానదు.

ఎర పెట్టడమంటే పీపాలో తిండి పోసి రావడమని హస్కెల్ లాంటివాళ్ళు అనుకుంటారు. నిజానికి అది అలిగిన పెళ్ళికూతుర్ని భోజనానికి పిలవడం లాంటి పని. రోజూ అదే వేళకి, అదే దారిన, అవే బూట్లతో వెళ్ళాలి. బేకరీలో మిగిలిన డోనట్లు, పాకం, హోటళ్ళలో వాడేసిన వేపుడు నూనె పోయాలి. ఆకుల మీద కాస్త సోంపు నూనె చిలకరించాలి. పీపా కన్నానికి దుంగలు అడ్డం పెట్టాలి, ఉడుతలూ కాకులూ దోచుకోకుండా. దుంగల్ని తొలగించే బలం ఎలుగుకే ఉంటుంది. వారాలపాటు ఇలా నమ్మకం కుదిరితే, వచ్చే సోమవారం వేట సీజన్ మొదలయ్యేసరికి మంచె మీద కూర్చున్న వేటగాడికి ఎలుగు కనిపిస్తుంది.

పారెన్ చోటు ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. గొలుసుతో చెట్టుకి కట్టిన నీలం పీపా. చట్టం ప్రకారం చెట్టుకి కొట్టిన పేరు పలక. పలక మేకుకి ఒక జపమాల, అది చట్టంలో లేదు. పైన మంచె.

నేను పీపా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. దుంగలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్కకి జరిపి చూస్తే పీపా నిండా డోనట్లు. పైన చక్కెర పూత కూడా చెదరలేదు.

"చూశారా?" అన్నాను.

"డోనట్లు చూశాను. ఒకటి తినాలా?"

"మీరు కాదు, ఎలుగు తినాలి. రెండు రాత్రులు గడిచాయి. పారెన్ పోసిన పీపా తెల్లారేసరికి ఖాళీ అయిపోతుంది. ఇక్కడికి మదామ్ అనే ఆడ ఎలుగు వస్తుంది, ఒక చెవి చీలి ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ఆయన పెట్టిన తిండి తింటోంది. దాని మీద తుపాకి ఎత్తిన వేటగాణ్ణి ఆయన బండి ఎక్కనివ్వడు, ఊరిదాకా నడిపిస్తాడు. అలాంటి మదామ్ ఈ పీపాని ముట్టలేదు. ఎందుకంటే ఇది పోసింది ఆయన కాదు."

"ఎలుగుని కోర్టులో సాక్షిగా నిలబెడతారా?"

"నిలబెడతాను. మీకంటే సూటిగా జవాబు చెబుతుంది."

హస్కెల్ నవ్వబోయి ఆపుకున్నాడు. ఆయన కళ్ళు నా తల మీదుగా ఒక చెట్టు మీద ఆగాయి. "అది కెమెరా పట్టీనా?"

పట్టీయే. ఎలుగుల్ని ఫోటో తీసే కెమెరాని చెట్టుకి కట్టే పట్టీ. కత్తితో కోసిన అంచు తెల్లగా, కొత్తగా ఉంది. కెమెరా లేదు. ఆ ముక్క హస్కెల్ కనిపెట్టాడని ఒప్పుకోవాలి, నేను పీపా ధ్యాసలో పడి చూడలేదు.

"సరే" అన్నాడాయన, గొంతు కాస్త మారింది. "ఎవరో వచ్చారనుకుందాం. కానీ ముసలాయన బకెట్ కొట్టాడని ఆవిడే చెప్పిందిగా. ఆయన బకెట్ చప్పుడు ఊరంతటికీ తెలుసట."

బకెట్ మాట వినగానే నాకు ఇంకొక ఆలోచన తట్టింది. ఎర పోసే గైడులందరూ బకెట్ కొడతారు. మిగతావాళ్ళు వచ్చీ రాగానే కొడతారు, పీపా దగ్గరున్న ఎలుగు తప్పుకోవడానికి. పారెన్ అలా కాదు. పని అంతా అయ్యాక, పోతూ పోతూ కొడతాడు. వడ్డించాక పిలవాలిగానీ, వడ్డించకముందే పిలిచి ఆశ పెట్టడం మర్యాద కాదంటాడు. ఈ విషయంలో నలభై ఏళ్ళుగా తోటి గైడులు ఆయన్ని ఏడిపిస్తున్నారు, ఆయన మారలేదు.

వాకీటాకీ తీసి నొక్కాను. "జెర్మెయిన్ అత్తా, లారెట్‌ని. మొన్న బకెట్ ఎప్పుడు మోగింది? బండి ఆగగానేనా, బండి కదిలే ముందా?"

ఆమె గొంతు గరగరలాడుతూ వచ్చింది. "ఆగీ ఆగగానే మోగిందే. అదేమిటి ఇవాళ ఇంత తొందరగా అయిపోయిందా అనుకుని పిండి పెనం మీద పోసేశాను. ఆ తర్వాత ఎంతసేపటికీ బండి కదల్లేదు. అట్లన్నీ చల్లారిపోయాయి."

నేను హస్కెల్ వైపు తిరిగాను. "ఆ బకెట్ కొట్టింది పారెన్ కాదు. ఆయన బండి దిగేసరికే ఎవడో ఇక్కడ కాచుకుని ఉన్నాడు. అత్తకి వినపడాలని బకెట్ కొట్టాడు. కానీ తన అలవాటు చొప్పున కొట్టాడు. అంటే వాడూ ఎర పెట్టేవాడే. ఆ తర్వాత చాలాసేపు ఇక్కడే ఏదో చేశాడు."

"ఏం చేశాడు?"

ఆ ప్రశ్నకి జవాబు నేల మీద ఉంది. ఎలుగు అడుగులు చిత్తడి వైపు నుంచి పీపా దాకా వచ్చాయి, ఆగాయి, ఉత్తరానికి తిరిగాయి. ఆ వైపు ఎలుగులకి దారి లేదు. పది అడుగులు నడిచి వంగి చూశాను. నాచు మీద ఒక చార. ఫెర్న్ ఆకులన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. వాటిని నాకిన గుర్తులు. ఆకు తుంచి వాసన చూస్తే వేపుడు నూనె, సోంపు.

కొత్త చోట ఎర పెట్టినప్పుడు మేము నూనెలో ముంచిన గోనెగుడ్డని తాడుకి కట్టి అడవిలో ఈడ్చుకుంటూ పోతాం. ఎలుగు ఆ చార పట్టుకుని వస్తుంది. ఇక్కడ ఈడ్చింది గుడ్డని కాదు. నలభై ఏళ్ళ నూనె ఇంకిన కోటు తొడుక్కున్న మనిషిని.

ఆ మాట పైకి చెప్పాను. హస్కెల్ కోటు విప్పి చెట్టుకి తగిలించి, "ముందు మీరు నడవండి" అన్నాడు. మొదటిసారి ఆ మనిషి మీద నాకు కాస్త ఇష్టం కలిగింది.

చార మమ్మల్ని కలప కూలీల పాత శిబిరం దాకా తీసుకెళ్ళింది. ఇళ్ళు ఎప్పుడో కూలిపోయాయి. గట్టు పక్కన బంగాళాదుంపలు దాచుకునే నేలకొట్టు ఒక్కటే మిగిలింది. దాని తలుపు మీద దుంగలు పడేసి ఉన్నాయి. దుంగల మీద, సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు, మదామ్ కూర్చుని ఉంది. గోళ్ళతో తలుపు గీకుతోంది.

అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది. నీరసంగా, విసుగ్గా.

"లేదే తల్లీ, నా దగ్గరేం లేదు. డోనట్లన్నీ వాడే తీసుకున్నాడు. పో, నీ పిల్లలు ఎదురు చూస్తుంటారు. ఎంత చెప్పినా వినవేం? జెర్మెయిన్ కంటే మొండిదానివి."

చెట్టుని పట్టుకుని ఏడ్చేశాను. హస్కెల్ నా భుజం తట్టి, అట్ల పొట్లం విప్పి బలంకొద్దీ దూరంగా విసిరాడు. మదామ్ మమ్మల్ని ఎగాదిగా చూసి, మాతో తర్వాత మాట్లాడతానన్నట్టు ఒకసారి బుసకొట్టి, పొట్లం వెంట పోయింది.

దుంగలు తీసి లోపలికి దూకాను. పారెన్ గోడకి చేరగిలబడి ఉన్నాడు. జుట్టులో రక్తం గడ్డకట్టింది. పెదాలు ఎండిపోయి, చర్మం వేడిగా ఉంది. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. నన్ను చూసి, "ఇంత ఆలస్యమా? నీకు జాడ పట్టడం నేర్పింది ఎవరే?" అన్నాడు.

"మీరే పారెన్."

"అయితే తప్పు నాదే."

నీళ్ళు తాగించాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. హస్కెల్ పైనుంచి వంగి అడిగాడు. "ఎవరు కొట్టారు పెద్దాయనా?"

"బరిల్. సీజన్ మొదలవకముందే ఎలుగుల్ని చంపి, దొంగచాటుగా అమ్ముకోవడానికి పిత్తాశయాలు కోసుకుంటున్నాడు. నా కెమెరాకి దొరికిపోయాడు. వద్దురా, నేను రేపు వార్డెన్‌కి చెప్పక తప్పదు అని మంచిగానే చెప్పాను. మీ నాన్న నా స్నేహితుడురా అని కూడా చెప్పాను." ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "మొన్న నేను దిగేసరికి పీపా వెనక నిలబడి ఉన్నాడు."

హస్కెల్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బకెట్ సంగతి నేను అడిగింది వాకీటాకీలో. నా ప్రశ్న, అత్త జవాబు గైడులందరూ విన్నారు. బరిల్ కూడా విన్నాడు.

నేను వాకీటాకీ మీట నొక్కేలోగా సెట్టే పలికింది.

"లారెట్, బరిల్‌ని. నది దగ్గర నా అవసరం లేదన్నారు. జెర్మెయిన్ ఒక్కతే ఉందని తోడుగా వచ్చాను. పాపం, ఆ బకెట్ గురించే చెబుతోంది, ఒకటే చెబుతోంది. అక్కడ ఏమైనా దొరికిందా?"

పారెన్ నోరు తెరిచాడు. హస్కెల్ లోపలికి దూకి చేత్తో ఆ నోరు మూశాడు. సున్నితంగానే మూశాడు, కానీ గట్టిగా. నేను గొంతు సవరించుకున్నాను.

"ఏమీ లేదు బరిల్. అనవసరంగా తిరిగాం. నదికి వస్తున్నాం, నువ్వూ అక్కడికే రా."

చెప్పడం అయిపోయింది. తొందరలో మీట మీంచి వేలు తియ్యడం ఆలస్యం చేశాను. ఆ క్షణంలోనే పారెన్‌కి పొర పోయి, హస్కెల్ వేళ్ళ సందులోంచి దగ్గు తన్నుకొచ్చింది.

సెట్టు కాసేపు గరగరమంది.

"లారెట్," అన్నాడు బరిల్, ఆ నవ్వు గొంతుతోనే, "నీ వెనక దగ్గుతున్నదెవరు?"

ఆ తర్వాత అటు నుంచి కుర్చీ ఈడ్చిన చప్పుడు, అత్త ఏదో అనబోయిన చప్పుడు వినిపించాయి. సెట్టు మూగబోయింది. హస్కెల్ అప్పటికే పైకెక్కి చిత్తడి వైపు పరిగెడుతున్నాడు. నేను పారెన్ తల కింద నా చొక్కా మడిచి పెట్టబోయాను. రెండు రోజుల నీరసంతో వాలిపోయిన ఆ చేతులు నన్ను ఒక్క తోపు తోశాయి.

"నన్ను చూస్తావేంటే! నాకేం కాదు. ఆమె దగ్గరికి ఉరుకు!"